సీజన్‌లో వైజాగ్ వస్తున్నారా? గది ఎక్కడ తీసుకోవాలో చెప్తాను

దసరా సెలవులకో, డిసెంబరు చివర్లోనో వైజాగ్ బయల్దేరే కుటుంబం మొట్టమొదట వెతికేది బీచ్ పక్కన గది. డబ్బు ఆచితూచి ఖర్చుపెట్టాల్సినవాళ్ళు సీజన్‌లో అన్నిటికన్నా చివర చూడాల్సింది అదేనని నా గట్టి నమ్మకం. డాబాగార్డెన్స్‌లో ఒక లాడ్జి రిసెప్షన్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. ఎక్కువగా నైట్ డ్యూటీలే. తెల్లారకముందే నిద్రపోతున్న పిల్లల్ని భుజానేసుకుని, ముసలివాళ్ళని నడిపించుకుంటూ వచ్చి "ఒక్క గదైనా లేదా బాబూ" అని అడిగిన వాళ్ళు నాకిప్పటికీ గుర్తున్నారు. వాళ్ళలో చాలామందికి డబ్బు లేక ఇబ్బంది రాలేదు. ముందే అడగాల్సిన నాలుగు మాటలు అడక్కపోవడం వల్ల వచ్చింది. ఆ మాటలేమిటో, ఏ పేటలో ఉంటే ఏం కలిసొస్తుందో కౌంటర్ వెనక నుంచి చూసినట్టుగా చెప్తాను.

ముందు తేదీల సంగతి

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. 2024 నవంబరుకి ముందు 120 రోజులుండేది. టికెట్ దొరికిన రోజే గది కూడా మాట్లాడేసుకోండి. రైలు ఖాయమయ్యాక "గదిదేముందిలే, వెళ్ళాక చూసుకుందాం" అనుకోవడం మామూలు రోజుల్లో చెల్లుతుంది, సీజన్‌లో చెల్లదు.

దసరాకి మనవాళ్ళే కాదు, బెంగాల్ నుంచీ ఒడిశా నుంచీ కుటుంబాలు కుటుంబాలుగా దిగుతారు. వాళ్ళు వైజాగ్, అరకు కలిపి ప్లాన్ వేసుకుని చాలా ముందుగా బుక్ చేసుకుంటారు. డిసెంబరు 20 దాటాక కొత్త సంవత్సరం దాకా ఇంకో ఉప్పెన. డిసెంబరు 4 నేవీ డే. నౌకాదళం విన్యాసాలు ఇక్కడ జరిగే ఏడు ఆ రోజుకీ, ముందు రోజుల రిహార్సల్స్‌కీ బీచ్ రోడ్డు కిటకిటలాడుతుంది. ఇవన్నీ అందరికీ తెలిసినవే. బయటివాళ్ళు చూడనివి రెండున్నాయి. ఒకటి క్రికెట్. మధురవాడ దగ్గర పీఎం పాలెం స్టేడియంలో మ్యాచ్ ఉంటే ఎండాడ, మధురవాడ, రుషికొండ వైపు గదులు ముందే అయిపోతాయి.

రెండోది పెళ్ళి ముహూర్తాలు. మాఘం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, వీటిలో బలమైన ముహూర్తం ఉన్న రోజు మధ్యతరగతి లాడ్జీల్లో పది పన్నెండు గదులు ఒకే పేరు మీద పెళ్ళివారికి వెళ్ళిపోతాయి. ఎండాకాలం సెలవులకి వచ్చేవాళ్ళకి గదులు దొరక్కపోవడానికి సగం కారణం ఇదే. కాబట్టి తేదీ ఖాయం చేసేముందు గోడ మీద పంచాంగం కేలండరు ఒకసారి తిప్పి చూడండి. దీనికి రెండో వైపు కూడా ఉంది. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం, ముహూర్తాలుండవు. కల్యాణ మండపాల చుట్టుపక్కల పెళ్ళివారి మీద బతికే లాడ్జీలకి ఆ నెల ఖాళీ. ఎంవీపీ కాలనీ, మద్దిలపాలెం వైపు అలాంటివున్నాయి. బీచ్ రోడ్డు నిండిపోయిన రోజుల్లో కూడా అక్కడ ఫోన్ చేస్తే గది దొరికే అవకాశం ఎక్కువ, రేటు గురించి మాట్లాడ్డానికీ వీలుంటుంది.

వారంలో రోజులు మార్చుకోగలిగితే ఆదివారం మధ్యాహ్నం దిగి బుధవారమో గురువారమో వెళ్ళండి. శుక్ర, శని రాత్రులే ఖరీదు.

మీ రైలు ఎన్నింటికి దిగుతుంది?

ఫోన్ చేసి అందరూ రేటు అడుగుతారు. నన్నడిగితే మొదటి ప్రశ్న "చెక్ అవుట్ 24 గంటలా, 12 గంటలకా" అన్నది. రేటు తర్వాత.

24 గంటల పద్ధతంటే మీరు ఏ టైముకి దిగితే మర్నాడు ఆ టైము దాకా ఒక రోజు లెక్క. మన ఊళ్ళ పాత లాడ్జీల్లో ఎక్కువగా ఇదే. 12 గంటల పద్ధతంటే మీరు ఎప్పుడొచ్చినా మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకి రోజు అయిపోయినట్టే. కొత్త హోటళ్ళూ, ఆన్‌లైన్‌లో కనిపించేవీ ఎక్కువగా ఇలా నడుస్తాయి.

హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చారనుకోండి. తెల్లవారుజామున ఆరు ప్రాంతంలో దిగుతారు. 24 గంటల లాడ్జి అయితే ఆరున్నరకి గదిలో ఉంటారు, స్నానాలు చేసి ఎనిమిదికల్లా ఊరి మీద పడతారు. 12 గంటల హోటలైతే గది మధ్యాహ్నమే ఇస్తారు. సీజన్‌లో ముందు రాత్రి కూడా గది నిండే ఉంటుంది కాబట్టి బతిమాలినా ఇవ్వడానికి వాళ్ళ దగ్గర గది ఉండదు. లాబీలో ఆరు గంటలు కూర్చోవాలి, లేదా ముందు రోజు అద్దె కూడా కట్టుకుని గది పట్టి ఉంచుకోవాలి. వందేభారత్‌లో రాత్రి పదకొండు దాటాక దిగినవాళ్ళదీ ఇదే కథ. 12 గంటల చోట పూర్తి రోజు డబ్బు ఇచ్చి పన్నెండు గంటలే ఉంటారు. రెండు వందలు ఎక్కువైనా సరే, రైల్లో వచ్చేవాళ్ళకి 24 గంటల లాడ్జే చవక. సొంత కారులో మధ్యాహ్నానికి చేరేవాళ్ళకి ఈ గొడవ లేదు.

రాత్రి దిగేవాళ్ళు ఇంకో పని చేయాలి. "మా రైలు ఫలానా టైముకి, ఆలస్యమైనా వస్తాం" అని ఆ సాయంత్రం ఫోన్ చేసి చెప్పండి. అడ్వాన్సు లేని బుకింగు తొమ్మిది, పది దాటితే సీజన్‌లో వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు.

ఉదయం కాసేపు నడుం వాల్చడానికి చోటు చాలనుకుంటే స్టేషన్లోనే రిటైరింగ్ రూములూ, డార్మిటరీ పడకలూ ఉంటాయి. కన్ఫర్మ్ అయిన, లేదా ఆర్ఏసీ టికెట్ పీఎన్ఆర్‌తో ఐఆర్‌సీటీసీలో ముందే తీసుకోవచ్చు. చాలామందికి ఈ సంగతే తెలీదు.

ఏ పేటలో ఉండాలి

ఆర్కే బీచ్ రోడ్డు మీద, సముద్రం ఎదురుగా: సీజన్‌లో రేట్లు బాగా పెరిగే చోటు ఇదే. "సీ వ్యూ" అని రాసి ఉంటే ఒకటే అడగండి: "సముద్రం గదిలోంచి కనిపిస్తుందా, కారిడార్లోంచా, మేడ మీదికెక్కితేనా?" ఇంకోటి, వైజాగ్‌లో సముద్రం తూర్పున. పొద్దు పొడవగానే ఎండ నేరుగా మంచం మీద పడుతుంది, పరదాలు పల్చగా ఉంటే పిల్లలు అప్పుడే లేచిపోతారు. డిసెంబరు 31 రాత్రి, విన్యాసాలు ఇక్కడ జరిగే ఏడు నేవీ డే సాయంత్రం బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. ముసలివాళ్ళతో ఉన్నవాళ్ళు ఆ రెండు రోజులూ అక్కడ గది తీసుకుంటే సామానుతో చాలా దూరం నడవాల్సి వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైంది, ఆర్కే బీచ్ కూర్చుని చూసుకోవడానికే గానీ స్నానానికి కాదు. ఒడ్డు దగ్గరే లోతు, అలల లాగుడు ఎక్కువ. ప్రతి ఏడూ ప్రాణాలు పోతున్నాయి. గది సముద్రం పక్కనే ఉంటే పిల్లలు పొద్దున్నే ఒంటరిగా పరిగెత్తుకెళ్ళే ప్రమాదం ఉంది, అది మనసులో పెట్టుకోండి.

బీచ్‌కి వెనక వీధులు, అంటే పాండురంగాపురం, కిర్లంపూడి లేఅవుట్, చినవాల్తేరు, లాసన్స్ బే కాలనీ: నా ఓటు ఎప్పుడూ వీటికే. సముద్రానికి నడిచి వెళ్ళొచ్చు, బీచ్ రోడ్డు రేటు ఇవ్వక్కర్లేదు. ఇళ్ళ మధ్య చిన్న గెస్ట్ హౌసులూ, వంటగదితో ఉండే సర్వీస్ అపార్ట్‌మెంట్లూ ఉన్నాయి. ఇద్దరు అన్నదమ్ముల కుటుంబాలు కలిసొస్తే రెండు గదుల బదులు ఒక అపార్ట్‌మెంట్ తీసుకోవడం మంచిది. పాలు కాచుకోవచ్చు, అమ్మగారికి పథ్యం వండుకోవచ్చు.

ఇక్కడ మాత్రం ఒక జాగ్రత్త. మన వైజాగ్ చదునైన ఊరు కాదు. సిరిపురం, యూనివర్సిటీ వైపు నుంచి బీచ్‌కి వచ్చే దారులన్నీ దిగుడే. వాల్తేరు అప్‌లాండ్స్ అని పేట పేరులోనే ఆ ఎత్తు ఉంది. ఫోన్‌లో మ్యాప్ "700 మీటర్లు, నడక తొమ్మిది నిమిషాలు" అంటుంది. వెళ్ళేటప్పుడు నిజమే. తిరిగొచ్చేటప్పుడు మోకాళ్ళ నొప్పులున్న అత్తగారికి ఆ ఎత్తు ఎక్కడం నరకం. బుక్ చేసేముందు అడగండి: "బీచ్ నుంచి మీ లాడ్జికి ఎత్తు ఎక్కాలా, రోడ్డు సమంగా ఉంటుందా?" అని. నిజం చెప్తారు, ఎందుకంటే అది దాచుకునే విషయమని వాళ్ళకి తోచదు.

డాబాగార్డెన్స్, జగదాంబ, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టూ: లాడ్జీలు ఎక్కువ, పోటీ ఎక్కువ, అందుకని సీజన్‌లో కూడా రేటు చేతికందే చోటు. టిఫిను సెంటర్లు, మెస్సులు, మందుల షాపులు కాలి దూరంలో. సముద్రానికి రెండు మూడు కిలోమీటర్లు. అరకు వెళ్ళే కిరండూల్ పాసింజరు ఉదయం ఏడు లోపే బయల్దేరుతుంది కాబట్టి అరకు కూడా చూసేవాళ్ళకి ఇది బాగా కలిసొస్తుంది. రుషికొండలో ఉండి ఆ రైలు అందుకోవాలంటే నాలుగున్నరకి లేవాలి. ఇక్కడ లోటు రొద. మెయిన్ రోడ్డు వైపు గది వద్దు, వెనక వైపు ఇమ్మని అడగండి. పక్కనే ఫంక్షన్ హాలుంటే అది కూడా కనుక్కోండి.

రుషికొండ, సాగర్ నగర్ వైపు: సముద్రంలో దిగాలన్నదే పిల్లల కోరికైతే వెళ్ళాల్సిన బీచ్ ఇది. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. లైఫ్‌గార్డులుంటారు, వాళ్ళు చూపించిన హద్దులోనే దిగండి. అంతమాత్రాన అక్కడే బస చేయాలని లేదు. రిసార్టుల రేట్లు సీజన్‌లో సామాన్యుడికి అందవు, రాత్రి తొమ్మిది దాటాక బయట తిండికి వెతుక్కోవాలి, ఆటోవాళ్ళు ఖాళీగా తిరిగెళ్ళాలని రెండు వైపులా డబ్బు అడుగుతారు. రైల్వే స్టేషన్ నుంచి భీమిలి వెళ్ళే 900కె బస్సు రుషికొండ మీదుగానే పోతుంది. ఊళ్ళో ఉండి ఉదయం ఆ బస్సెక్కి వెళ్ళి, ఎండ ముదిరేలోపు తిరిగొచ్చేయండి. సొంత కారుంటే ఎండాడ, మధురవాడ వైపు హైవే దగ్గర చూడండి. పార్కింగు బాధ ఉండదు, రుషికొండ కూడా దగ్గరే.

భీమిలి గురించి చాలామంది అడుగుతారు. ప్రశాంతమైన ఊరు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ళ సమాధులు, అన్నీ చూడాల్సినవే. పగలు వెళ్ళి చూసి రండి. బసకి గదులు తక్కువ, సీజన్‌లో ఎంచుకునే వీలుండదు.

బస్సు సంగతి వచ్చింది కాబట్టి లెక్క మార్చే విషయం ఒకటి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్రం ఆడవాళ్ళకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. విజయవాడ నుంచో, రాజమండ్రి నుంచో వచ్చే కుటుంబంలో ముగ్గురు ఆడవాళ్ళుంటే, బీచ్‌కి దూరంగా బస్టాపు పక్కన లాడ్జి తీసుకోవడం ఇప్పుడు ఇంకా లాభం. తెలంగాణ నుంచి వచ్చేవాళ్ళకి ఇది వర్తించదు, మీరు చార్జీలు కలుపుకోండి.

లెక్క వేయండి

రేటు ఒక్కటే చూసి పోల్చకండి. ఒక ఉదాహరణ చెప్తాను, అంకెలు మీ ఫోన్లో దొరికినవి పెట్టుకోండి. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, ఒక నాయనమ్మ. బీచ్ రోడ్డులో డబుల్ రూము 4,000 అన్నారు, ముగ్గురికి మించితే ఒక్కో పరుపుకి 500 అన్నారు. పిల్లలిద్దరికీ పరుపులు కలిపితే 5,000. డాబాగార్డెన్స్‌లో ఫోర్ బెడ్ రూము 2,400, ఒక పరుపు 300, మొత్తం 2,700. రోజుకి 2,300 తేడా. బీచ్‌కి పోను రాను ఆటోకి 400 పెట్టుకున్నా, 1,900 మిగిలింది. మూడు రాత్రులకి 5,700. ఆ డబ్బుతో అరకుకి కారు మాట్లాడుకునే ఆలోచన చేయొచ్చు, లేదా ఇంకో రోజు ఉండొచ్చు.

పన్ను మర్చిపోవద్దు. రోజుకి 7,500 దాకా అద్దె ఉన్న గదులకి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం. అంతకుముందు 12 ఉండేది. ఎవరైనా ఇంకా 12 అంటే బిల్లు చూపించమనండి.

ఫోన్లో అడిగే పద్ధతి

ఆన్‌లైన్‌లో చూడండి, ఫొటోలు చూడండి, తర్వాత మాత్రం లాడ్జి కౌంటరుకే ఫోన్ చేయండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య చేయండి. పొద్దున్న ఖాళీ చేసేవాళ్ళ హడావుడి, సాయంత్రం దిగేవాళ్ళ హడావుడి, అప్పుడు మీ మాట సగమే వింటారు. మాట్లాడే తీరు ఇలా ఉంటే కౌంటర్లో ఉన్నవాడికి మీరు తెలిసినవాళ్ళని అర్థమవుతుంది:

"నమస్కారమండీ. ఫలానా తారీఖు ఉదయం ఆరున్నరకి దిగుతాం. అయిదుగురం, ఒక పెద్దావిడ ఉన్నారు. ఫోర్ బెడ్ కావాలి. చెక్ అవుట్ 24 గంటలేనా? పన్నుతో కలిపి ఎంత? ఎక్స్‌ట్రా పరుపు ఎంత? లిఫ్టుందా, ఉంటే కరెంటు పోయినప్పుడు జనరేటరు మీద నడుస్తుందా? వేడినీళ్ళు ఎన్నింటి దాకా? బాత్రూములో వెస్ట్రన్ కమోడేనా?"

ఒక్క ఊపులో అడిగేయండి. వేడినీళ్ళ ప్రశ్న చిన్నదనుకోకండి. సోలారు మీద నడిచే చాలా చోట్ల ఉదయం ఆరు నుంచి తొమ్మిది లోపే వస్తాయి. కిరండూల్ రైలుకి అయిదింటికి స్నానం చేయాల్సినవాళ్ళకి చన్నీళ్ళే గతి.

జనరేటరు మాట ఊరికే అనలేదు. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి ఊరంతా కరెంటు లేదు, మేడ మీది ట్యాంకులకి నీళ్ళెక్కలేదు. అంత పెద్దది రోజూ రాదు. కానీ ఆ నెలల్లో బుక్ చేస్తే "తుపాను హెచ్చరిక వచ్చి రైళ్ళు రద్దయితే అడ్వాన్సు తిరిగిస్తారా, తేదీ మారుస్తారా" అని అడిగి, జవాబు వాట్సాప్‌లో రాసి పంపమనండి.

యాప్‌లో బుక్ చేసినా కౌంటరుకి ఫోన్ చేయాల్సిందే. ఆఫ్‌సీజన్‌లో ఎప్పుడో తక్కువ రేటుకి పెట్టిన గదిని, రద్దీ రోజు వచ్చేసరికి "రిపేరులో ఉంది" అని తిప్పి పంపే చోట్లు ఉన్నాయి. బయల్దేరే ముందు రోజు "మీ రిజిస్టర్లో మా పేరు ఎక్కిందా" అని అడిగి, చెప్పినవాళ్ళ పేరు రాసుకోండి. ఇది మొహమాటపడే విషయం కాదు.

విదేశాల్లో ఉండే పిల్లలు అక్కడి పాస్‌పోర్టుతో మీతో వస్తుంటే ముందే చెప్పండి. విదేశీ అతిథుల వివరాలు 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పంపాలనే నిబంధన ఉంది. ఆ ఏర్పాటు లేని చిన్న లాడ్జీలు అర్ధరాత్రైనా సరే లోపలికి రానివ్వవు. మిగిలినవాళ్ళు కూడా పెద్దవాళ్ళందరి ఒరిజినల్ కార్డులూ తెచ్చుకోండి, ఒక్కరిది సరిపోదు.

దిగిన రోజు

స్టేషన్ బయట "మంచి లాడ్జి చూపిస్తా సార్" అనే ఆటో ఎక్కకండి. తీసుకొచ్చిన ఆటోకి లాడ్జి కమిషన్ ఇస్తుంది, అది మీ అద్దెలోనే కలుస్తుంది. గది లేకుండా వచ్చినా సరే, ఆర్టీసీ కాంప్లెక్స్‌కని చెప్పి ఎక్కి, సామానుతో ఒకరు టిఫిను హోటల్లో కూర్చుంటే ఇద్దరు నడిచి చూడండి.

డబ్బు కట్టేముందు గది చూపించమనండి. దుప్పట్లు కాదు, నాలుగు చూడండి: కుళాయి తిప్పితే నీళ్ళ జోరు, బాత్రూము తలుపు గడియ, కిటికీ మూస్తే పడుతుందా లేదా, ఏసీ అయిదు నిమిషాలు నడిపితే చల్లబడుతుందా. సముద్రం దగ్గర ఉప్పుగాలికి ఏసీలూ, కిటికీ బందులూ తొందరగా తుప్పు పడతాయి, ఫొటోల్లో అది కనపడదు. నచ్చకపోతే ఇంకో గది చూపించమని నెమ్మదిగా అడగండి. నైట్ డ్యూటీలో ఉన్నవాడు కూడా మనిషే, మర్యాదగా అడిగినవాళ్ళకి మూలనున్న మంచి గది తాళం తీసిచ్చిన రోజులు నాకు చాలా ఉన్నాయి.

వెళ్ళే రోజు సాయంత్రం రైలైతే ఇంకో రోజు అద్దె కట్టకండి. గది ఖాళీ చేసి, సామాను కౌంటర్ దగ్గర పెడతామని ముందు రాత్రే చెప్పండి, చాలా లాడ్జీలు ఒప్పుకుంటాయి. కాదంటే స్టేషన్లో క్లోక్ రూముంది. టికెట్ చూపించాలి, బ్యాగులకి తాళాలుండాలి, తాళం లేని బ్యాగు తీసుకోరు. గోదావరి సాయంత్రం అయిదు దాటాక బయల్దేరుతుంది కాబట్టి, నాలుగింటికల్లా సామాను దగ్గరికి వచ్చేలా చూసుకోండి. సెలవు రోజుల్లో ఆ టైముకి క్లోక్ రూము దగ్గర వరస పెద్దదిగా ఉంటుంది.